ఆఫర్ లెటర్‌లో పేరు లేనివాళ్ళు



ఇంట్లో ఒకరికి విదేశంలో ఉద్యోగం వచ్చిందంటే ఆ మనిషి మంచిచెడ్డలు చూసేవాళ్ళు చాలామందే ఉంటారు. వీసా సంగతి కంపెనీ లాయర్లు చూస్తారు. టికెట్టు వాళ్ళే కొంటారు. దిగగానే కొన్నాళ్ళు తలదాచుకోవడానికి గది చూపిస్తారు. మర్నాడు వెళ్ళి కూర్చోడానికి ఒక కుర్చీ, పలకరించడానికి నలుగురు మనుషులు సిద్ధంగా ఉంటారు. ఆ మనిషి వెంట బయల్దేరే భార్య, లేదా భర్త, పిల్లలు, ఇక్కడే ఉండిపోయే అమ్మానాన్నలు, తాళం వేసి వెళ్ళే ఇల్లు, వీటి గురించి ఆఫర్ లెటర్‌లో ఒక్క ముక్క ఉండదు. నేను చాలా ఏళ్ళు ఒక బ్యాంకులో ప్రవాస భారతీయుల ఖాతాలు చూసే కౌంటర్లో పనిచేశాను. విమానం ఎక్కబోయే ముందు వారంలో ఉరుకులు పరుగుల మీద వచ్చే కుటుంబాలను ఎన్నిటినో చూశాను. ఉద్యోగం వచ్చిన మనిషి పనులన్నీ పూర్తయి ఉండేవి. మిగతావాళ్ళవే ఎక్కడివక్కడ ఉండేవి. ఇవాళ నేను మాట్లాడేది ఆ మిగతావాళ్ళ పనుల గురించి.

అన్నిటికంటే ముందు పేర్లు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, సొంత పేరు తర్వాత రాస్తాం. ఆ ఇంటిపేరు కూడా చాలాచోట్ల ఒక్క పొడి అక్షరంగానే నిలబడుతుంది. పాస్‌పోర్టులో రెండు గడులుంటాయి: సర్‌నేమ్ ఒకటి, గివెన్ నేమ్ ఒకటి. మనవాళ్ళు కొందరు పేరంతా రెండో గడిలో రాసేసి మొదటిది ఖాళీగా వదిలేస్తారు. మన దేశంలో దానివల్ల పెద్ద ఇబ్బందేమీ రాదు. అమెరికా వీసా అచ్చయ్యేటప్పుడు మాత్రం ఆ పేరంతా సర్‌నేమ్ గడిలోకి వెళ్ళి కూర్చుంటుంది. గివెన్ నేమ్ దగ్గర ఎఫ్.ఎన్.యు. అని మూడక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదని దానర్థం. ఆ మూడక్షరాలూ తర్వాత డ్రైవింగ్ లైసెన్సు మీదికీ, ఇన్సూరెన్సు కార్డు మీదికీ పాకుతాయి. పమిడిముక్కల వెంకట సుబ్బారావుగారని ఒకాయన ఉన్నారనుకోండి, మాటవరసకు అన్న పేరు. అక్కడి డాక్టరు దగ్గర నర్సు తలుపు తీసి ‘ఫ్నూ’ అని పిలుస్తుంది. ఈయన ఎవరినో పిలుస్తున్నారనుకుని హాయిగా పత్రిక తిరగేస్తూ కూర్చుంటారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, యూఏఈ దగ్గరికొచ్చేసరికి ఇది నవ్వులాట కాదు. 2022 నవంబరు నుంచి, పాస్‌పోర్టులో ఒకే మాటగా పేరుండి, ఇంకో గడి ఖాళీగా ఉంటే విజిట్ వీసా మీద ఆ దేశంలోకి రానివ్వడం లేదు. కూతురి పురిటికి బయల్దేరిన తల్లి పాస్‌పోర్టులో ఉత్త ‘లక్ష్మి’ అని ఉంటే విమానం ఎక్కకముందే ఆగిపోవాల్సి వస్తుంది. కాబట్టి ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ, వెళ్ళేవాళ్ళవే కాదు, తర్వాత చూడ్డానికి వచ్చే పెద్దవాళ్ళవి కూడా, ఒక సాయంత్రం బల్లమీద పరిచి పక్కపక్కన పెట్టి చదవండి. తండ్రి పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక స్పెల్లింగుతోనూ, పిల్లవాడి దాంట్లో ఇంకో స్పెల్లింగుతోనూ ఉండడం నేను తరచూ చూసిన సంగతి. ఒకచోట ‘టి’ పక్కన ‘హెచ్’ ఉంటుంది, ఒకచోట ఉండదు. సరిచేయించుకోవడానికి వ్యవధి కావాలి. ఆఫర్ వచ్చాక కాదు, ఆఫర్ రావచ్చునని తోచిన రోజే మొదలుపెట్టండి.

ఇక్కడే ఆడవాళ్ళకు ఒక మాట. పెళ్ళయ్యాక అత్తవారి ఇంటిపేరు పెట్టుకుని తీరాలని చట్టం ఏమీ లేదు. పదో తరగతి మార్కుల జాబితా నుంచి డిగ్రీ దాకా పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నప్పుడు పాస్‌పోర్టు ఒక్కటీ మార్చుకుంటే, అక్కడ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ ఈ రెండు పేర్లూ ఒక్కరివేనని రుజువు చూపించుకుంటూ ఉండాలి. నా సలహా అడిగితే మార్చకండి. భార్యాభర్తలని చూపడానికి పెళ్ళి సర్టిఫికెట్ చాలు. అయితే అది రిజిస్ట్రారు ఇచ్చినదై ఉండాలి. శుభలేఖ, ఆల్బమ్, కల్యాణమండపం రసీదు దానికి బదులు కావు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే పెళ్ళి నమోదు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అయినా పదేళ్ళు కాపురం చేసి, ఇద్దరు పిల్లల్ని కని, వీసా కోసం అప్పుడు సాక్షుల్ని వెంటేసుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళే జంటలకు కొదవలేదు.

పిల్లల బర్త్ సర్టిఫికెట్ కూడా ఒకసారి తీసి చూడండి. పుట్టిన వారంలో ఆస్పత్రి పంపిన వివరాలతో తయారైన కాగితం అది. బారసాల అప్పటికి కాలేదు కాబట్టి పేరుండాల్సిన చోట ఖాళీగానో, ‘బేబీ ఆఫ్’ అనో ఉండిపోతుంది. పుట్టిన పదిహేనేళ్ళ లోపు పేరు చేర్చుకునే వీలుంది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకైతే పాస్‌పోర్టుకు పుట్టినతేదీ రుజువుగా ఈ సర్టిఫికెట్ ఒక్కటే చెల్లుతుంది.

ఈ కాగితాలన్నీ అక్కడ చెల్లాలంటే వాటిమీద ఇక్కడి ప్రభుత్వ ముద్ర పడాలి. భారతదేశం 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది. ఆ ఒప్పందంలో ఉన్న చాలా దేశాలకు మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ స్టిక్కరు సరిపోతుంది. యూఏఈ, కువైట్, కతార్‌లు ఆ ఒప్పందంలో లేవు. అక్కడికి వెళ్ళేవాళ్ళు విదేశాంగ శాఖ ముద్ర తర్వాత ఆ దేశపు ఎంబసీ ముద్ర కూడా వేయించుకోవాలి. ముందు రాష్ట్ర ప్రభుత్వ శాఖలో, తర్వాత విదేశాంగ శాఖలో, ఆ తర్వాత ఎంబసీలో ఇలా ఒకదాని వెనక ఒకటి జరిగే పని కాబట్టి రోజులు పడతాయి. పిల్లల టీసీకి కూడా ఈ ముద్రలు అడిగే బళ్ళున్నాయి. ఇవన్నీ అయ్యాక ఒరిజినల్సు పెద్ద పెట్టెలో పెట్టకండి, చేతిసంచిలోనే ఉండాలి.

ఇప్పుడు కాగితాలను పక్కన పెట్టి, చాలా ఇళ్ళలో చర్చకే రాని విషయం ఒకటి చెబుతాను. వెంట వెళ్ళేవాళ్ళు అక్కడ ఉద్యోగం చేయవచ్చా? అమెరికాలో హెచ్-1బి మీద భర్త వెళితే భార్యకు హెచ్-4 వస్తుంది. దాంతో చదువుకోవచ్చు, ఇల్లు చూసుకోవచ్చు, జీతానికి పనిచేయడానికి మాత్రం లేదు. 2015 మే నుంచి కొందరికి సడలింపు ఇచ్చారు. అది ప్రధానంగా, గ్రీన్‌కార్డు దారిలో భర్త తరఫున కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తు ఆమోదమైన కుటుంబాలకు. అందుకు ఎన్నేళ్ళు పడుతుందో కంపెనీని బట్టి ఉంటుంది. అదే కంపెనీ బదిలీ మీద ఎల్-1 వీసాతో పంపితే, ఎల్-2 మీద వెళ్ళే భార్యకు పనిచేసే హక్కు ఉంటుంది. జర్మనీలో బ్లూకార్డు ఉన్నవారి భార్య లేదా భర్త ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. బ్రిటన్ 2024 మార్చిలో, కొత్తగా వెళ్ళే కేర్ వర్కర్లు కుటుంబాన్ని వెంట తీసుకెళ్ళడానికే వీల్లేకుండా చేసింది. నిబంధనలు మారుతూనే ఉంటాయి కాబట్టి, మీరు బయల్దేరే నాటికి ఉన్నవేమిటో ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోవాలి. బంధువుల వాట్సాప్‌లో కాదు.

నేను చెప్పదలచింది వీసా రకాల గురించి కాదు. ఇక్కడ నెలనెలా జీతం తెచ్చుకునే అమ్మాయి అక్కడికి వెళ్ళి కూరగాయలకు కూడా భర్త కార్డు అడగాల్సి వస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ముందే మాట్లాడుకోవాలి. ఎన్నేళ్ళు అలా ఉండడానికి సిద్ధం? ఆ ఏళ్ళలో చదువుకుంటుందా, దానికి ఫీజు ఎక్కడి నుంచి వస్తుంది? ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకుండా సెలవు పెట్టే వీలుందా? కౌంటరు దగ్గర ఫారాలు నింపుతూ భర్త అన్నీ చెబుతుంటాడు, భార్య పక్కన కుర్చీలో నిశ్శబ్దంగా కూర్చుని ఉంటుంది. వృత్తి అన్న గడి దగ్గరికొచ్చేసరికి ఆయన ‘హౌస్‌వైఫ్ అని రాయండి’ అంటాడు. నిన్నటిదాకా ఆమె కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. ‘రాజీనామా ఇంకా ఇవ్వలేదు మేడమ్’ అని ఆమె మెల్లగా అంటే నేను లెక్చరర్ అనే రాసిన సందర్భాలున్నాయి. ఆమె పేరుతో విడిగా ఒక ఖాతా, అందులో కొంత డబ్బు, వెళ్ళేముందే ఏర్పాటు చేయమని నేను ప్రతి జంటకూ చెప్పేదాన్ని. కొందరు మొహం చిట్లించేవారు.

పిల్లల విషయానికి వద్దాం. ఏ వయసులో తీసుకెళ్ళడం మంచిదని చాలామంది అడుగుతారు. చిన్నపిల్లలు ఎక్కడైనా ఇమిడిపోతారు. చిక్కంతా ఎనిమిదో తరగతి తర్వాత. తిరిగొచ్చి ఇక్కడ ఇంజనీరింగో మెడిసినో చదివించాలన్న ఆలోచన ఏ మూలన ఉన్నా స్థానికత నిబంధన చదవండి. అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్ళు వరసగా ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి స్థానికత లెక్క తేలుతుంది. తెలంగాణ మెడికల్ సీట్లకు 2024లో తెచ్చిన ఈ నాలుగేళ్ళ నిబంధనను 2025లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా దుబాయిలో చదివిన పిల్ల ఇక్కడే పుట్టిందనో, అమ్మానాన్నలది కరీంనగరనో చెబితే సరిపోదు. అమెరికాకు వెళ్ళే కుటుంబాలకు ఇంకో గడువుంది. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు ఇరవయ్యొకటో ఏడు నిండేసరికి ఆ వీసా చెల్లదు. ఉద్యోగాల కోటాలో ఏటా సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు ఇస్తారు, ఒక్కో దేశానికి మామూలుగా ఏడు శాతానికి మించి రావు. మన వరస ఎంత పొడుగో వేరే చెప్పనక్కర్లేదు. పదమూడేళ్ళ పిల్లవాడిని తీసుకెళ్ళేటప్పుడు ఈ లెక్క వేళ్ళమీద వేసుకోవాలి.

అమెరికాలో ప్రభుత్వ బడి ఇంటి చిరునామాను బట్టి వస్తుంది. అందుకని పిల్లలున్నవాళ్ళు ముందు బడి చూసి, తర్వాత ఆ పరిధిలో ఇల్లు వెతుక్కుంటారు. చేర్చుకునేటప్పుడు టీకాల కార్డు అడుగుతారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మన ప్రభుత్వ టీకాల పట్టికలో తట్టుకీ రుబెల్లాకీ టీకా ఉంది, గవదబిళ్ళలకు లేదు, ఆటలమ్మకు లేదు. అక్కడి బళ్ళు సాధారణంగా ఇవి కూడా అడుగుతాయి. పీహెచ్‌సీలో టీకాలు వేయించిన తల్లిదండ్రులు బయల్దేరే ముందే పిల్లల డాక్టరుతో మాట్లాడి మిగిలినవి వేయించి, తేదీలతో ఇంగ్లీషులో రాయించుకోవాలి. కొన్నిచోట్ల క్షయ పరీక్ష కూడా చేస్తారు. మన పిల్లలందరికీ పుట్టగానే బీసీజీ వేస్తాం కాబట్టి చర్మం మీద చేసే పరీక్షలో జబ్బు లేకపోయినా ఉన్నట్టు కనబడవచ్చు. రక్తపరీక్ష చేయమని అడగండి, దాన్ని బీసీజీ ప్రభావితం చేయదు. ఇంట్లో అందరూ పళ్ళు చూపించుకుని, పుచ్చినవాటి సంగతి ఇక్కడే తేల్చుకోండి. కళ్ళజోళ్ళు ఒక జత ఎక్కువ చేయించుకోండి.

సామాను గురించి అమ్మలూ అత్తలూ నా మాట వినరని తెలుసు, అయినా చెబుతాను. మనిషికి 23 కిలోల పెట్టెలో ఏం పడుతుందని తూకాలు వేస్తాం గానీ, ఏది తీసుకెళ్ళకూడదన్నది అంతకంటే ముఖ్యం. గల్ఫ్‌కు వెళ్ళే పెట్టెలో గసగసాలు ఉండకూడదు. కోడికూర మసాలాలోకి, కుర్మాలోకి మనం వేసుకునే ఆ తెల్లగింజలు నల్లమందు మొక్కవి. యూఏఈ, సౌదీ, కతార్‌లలో అవి నిషేధం. సింగపూర్‌లోనూ అంతే. గసగసాలు కలిపి దంచిన మసాలాపొడి కూడా గసగసాల కిందే లెక్క. ఇంట్లో ఎవరు సర్దినా పెట్టె మీద మీ పేరుంటుంది కాబట్టి జవాబు చెప్పాల్సింది మీరే. మందులదీ అదే సంగతి. నొప్పికి వాడే ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గుమందు మన మందుల షాపులో డాక్టరు చీటీ మీద దొరికినా, యూఏఈలో ముందుగా అనుమతి తీసుకోకపోతే నేరమవుతుంది. రోజూ వేసుకునే మాత్రలు పట్టీలతో సహా, డాక్టరు చీటీతో తీసుకెళ్ళండి. చీటీలో కంపెనీ పెట్టిన పేరు కాక మందు అసలు పేరు రాయించుకోండి. ఆస్ట్రేలియాకు తినేది ఏది తీసుకెళ్ళినా దిగేటప్పుడు కార్డు మీద రాయాలి. రాయకుండా దొరికితే జరిమానా. కరివేపాకు అటు ఆస్ట్రేలియా, ఇటు అమెరికా, రెండూ రానివ్వవు. నగలు ఎక్కువగా తీసుకెళ్ళేవాళ్ళు ఇక్కడి కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే తిరిగొచ్చేటప్పుడు అవి మీవేనని రుజువు చేసుకునే తలనొప్పి ఉండదు.

జర్మనీ వెళ్ళేవాళ్ళు ఇంటి విషయంలో గుండె దిటవు చేసుకోవాలి. అద్దెకిచ్చే చాలా ఇళ్ళలో వంటింటి గట్టు, సింకు, అలమర్లు ఉండవు. వెనకటి అద్దెదారు తనవి తాను పట్టుకుపోతాడు. అడ్వాన్సు మూడు నెలల అద్దె దాకా అడగవచ్చు. చేరిన రెండు వారాల్లో ఊరి ఆఫీసుకు వెళ్ళి చిరునామా నమోదు చేయించుకోవాలి, అందుకు ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం ఇవ్వాలి. ఆ నమోదు కాకపోతే బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి ప్రతి పనికీ అడ్డే.

ఇక డబ్బు. ఇది నా రంగం, అందుకే తక్కువ మాట్లాడతాను. ఉద్యోగం మీద దేశం వదిలితే మీ సేవింగ్స్ ఖాతాను మామూలు ఖాతాగా ఉంచుకోవడానికి వీల్లేదు, ఎన్ఆర్‌ఓగా మార్పించాలి. అక్కడి సంపాదన పంపుకోవడానికి ఎన్ఆర్‌ఈ తెరవాలి. ఎన్ఆర్‌ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఎన్ఆర్‌ఓ వడ్డీలో 30 శాతం, ఆపైన సెస్సు బ్యాంకే కోస్తుంది. ఉన్న పీపీఎఫ్‌ను గడువు దాకా నడుపుకోవచ్చు, పొడిగించుకోలేరు. ఇల్లు అద్దెకిస్తే, యజమాని ప్రవాస భారతీయుడు కాబట్టి అద్దెలో పన్ను కోసి కట్టాల్సిన బాధ్యత అద్దెకున్నవాళ్ళదే. ఈ సంగతి వాళ్ళలో చాలామందికి తెలియదు, తెలిశాక ఇల్లే వద్దంటారు.

పొలాల సంగతి మనవాళ్ళు చెవిన పెట్టాలి. ప్రవాసి అయ్యాక ఇక్కడ వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. ఇదివరకే ఉన్నదాన్నీ, వారసత్వంగా వచ్చినదాన్నీ ఉంచుకోవచ్చు. డాలర్లు పంపి తమ్ముడి చేత ఊళ్ళో రెండెకరాలు తన పేరున కొనిపించుకుందామనుకునేవాళ్ళు ఇది తెలుసుకోవాలి. ఉన్న ఆస్తి వ్యవహారాలు చూడ్డానికి ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే, ఏ పనికిస్తున్నారో ఆ పని వరకే రాసి, ఇక్కడ ఉండగానే రిజిస్టర్ చేయించండి. అక్కడికి వెళ్ళాక ఇవ్వాలంటే కాన్సులేట్ చుట్టూ తిరగాలి, ఆ కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. అన్నీ చూసుకుంటాడని బావమరిదికి అన్ని అధికారాలూ రాసిచ్చి తర్వాత మాటలు లేకుండా పోయిన కుటుంబాలు నాకు తెలుసు.

చివరగా పెద్దవాళ్ళు. ‘ఏడాది తిరిగేసరికి మిమ్మల్ని తీసుకెళ్తాం’ అనేది విమానాశ్రయంలో అందరూ చెప్పే మాట. అమెరికాకు విజిటర్ వీసా మీద వెళితే మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. అక్కడ స్థిరపడాలంటే కొడుకో కూతురో పౌరసత్వం తీసుకుని ఉండాలి. విజిటర్లకు అమ్మే ఇన్సూరెన్సుల్లో పాత జబ్బులకు సరైన రక్షణ ఉండదు, షుగరూ బీపీ ఉన్నవాళ్ళను ఆ ధైర్యంతో పంపకండి. కెనడా సూపర్ వీసా మీద ఒక విడతలో ఐదేళ్ళ దాకా ఉండొచ్చు. మొత్తానికి వాళ్ళ జీవితం చాలావరకు ఇక్కడే గడుస్తుంది కాబట్టి ఏర్పాట్లు ఇక్కడే చేయాలి. ఆరోగ్య బీమా ఇప్పుడే తీసుకోండి, పాత జబ్బులకు మూడేళ్ళ దాకా ఆగాల్సి రావచ్చు. డెబ్బై నిండినవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఏటా 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు ఉంది, అది చేయించి ఇవ్వండి.

ఒక చిన్న విషయంలో మాత్రం పిల్లలందరూ ఒకేలా ఆలోచిస్తారు. నాన్నగారికి ఫోను వాడడం సరిగా రాదని ఆయన ఖాతాకు తమ నంబరు ఇస్తారు. మా కౌంటరుకు ఒక పెద్దాయన వచ్చేవారు. ఏ పని చేయబోయినా ఓటీపీ టెక్సస్‌లో ఉన్న కొడుకు ఫోనుకు వెళ్ళేది. ఇక్కడ పొద్దున్న పదకొండంటే అక్కడ అర్ధరాత్రి.

‘మావాడు పడుకుని ఉంటాడమ్మా, లేచాక కనుక్కుని చెబుతాను’ అనేవారు.

‘అది పది నిమిషాల్లో పోతుంది బాబాయిగారూ’ అనేదాన్ని.

‘అయితే వాణ్ణి లేపమంటావా? పాపం, పొద్దున్నే ఆఫీసుంటుంది’ అని పాస్‌బుక్కు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయేవారు. చివరికి ఫారం నింపి ఆయన నంబరే వేశాం. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని కూడా కూర్చోబెట్టి చెప్పాం.

వెళ్ళేవాళ్ళు తమ ఇక్కడి నంబరు కూడా పోనివ్వకూడదు. రోమింగ్ పెట్టించి, రీచార్జి చేస్తూ ఉండాలి. కొన్ని నెలలు వదిలేస్తే ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తారు, బ్యాంకు, ఆధార్, పన్ను రిటర్ను అన్నీ ఆ నంబరుకే కట్టి ఉంటాయి.

అమ్మానాన్నలకు రాత్రివేళ ఏదన్నా అయితే ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు, సంతకం ఎవరు పెడతారు? చుట్టాలందరూ ఉన్నారుగా అనుకుంటే ఎవరూ లేనట్టే. ఒక్కరిని, పిన్ని కొడుకో, కింది వాటాలో ఉండే ఆయనో, అడిగి ఒప్పించండి. వాళ్ళకు ఇంటి తాళంచెవి ఒకటి, బీమా కార్డు కాపీ ఒకటి, రోజూ వాడే మందుల చీటీ ఒకటి ఇవ్వండి. అడ్వాన్సు కట్టమంటే జేబులోంచి తీసి కట్టాల్సిన అవసరం రాకుండా కొంత డబ్బు వాళ్ళ ఖాతాలో ముందే వేసి ఉంచండి. మొహమాటపడి వద్దంటారు. అయినా వేయండి.